నీళ్లు కనపడని వెలుగు

"ఊపిరి గట్టిగ తీస్కో బిడ్డా.
ఆపు.
కదలకు."

నల్లగొండ పెద్దాస్పత్రిల, మెట్ల కింది చీకటి గదిల
మహబూబలి చిచ్చా చెప్పిన ఆ మూడు మాటలే
నేను నేర్చిన మొదటి సైన్సు.

అప్పుడు నాకు తొమ్మిదేండ్లు.
మోకాళ్లు ఒకదాని చెవుల ఒకటి చాడీలు చెప్పుకుంటున్నట్టు
లోపలికి వంగినయి.
తడి ఫిల్ము క్లిప్పుకు వేలాడుతుంటే
నా ఎముకలు నాకంటే తెల్లగున్నయి.
"సున్నమేసిన గోడ లెక్కున్నది" అన్నడు చిచ్చా.
మెచ్చుకున్నడనుకొని నవ్విన.

బోరింగు నీళ్లు ఎంత తేటగుంటుండె!
గ్లాసు అడుగున పావలా బిళ్ల వేస్తే
సింహాల జూలు లెక్కపెట్టొచ్చు.
అందుల కరిగి ఉన్నది మాత్రం
లెక్కకు రాలే.

ఇప్పుడు నా ముందట, కంప్యూటరు మీద
ఒక ఎముక కణం.

దూరపు ఊర్ల ఊరంత ఉంగరం ఒకటున్నది.
అవుసులోల్ల పిల్లను, ఉంగరమంటే నాకు
కుంపటి, ఊదుగొట్టం, నాయిన ఉబ్బిన బుగ్గలు.
ఈ ఉంగరానికి రాయి లేదు, పొదిగేటోడు లేడు.
లోపల ఎలక్ట్రాన్లు ఉరుకుతుంటయి,
మలుపు తిరిగినప్పుడల్లా వెలుగు రాలుతది.

ఆ వెలుగుకు ఒక గుణం:
నీళ్లను చూడదు.
బొగ్గు పుట్టుక ఉన్న పొరనూ, కొవ్వునూ పట్టుకుంటది,
నీళ్లల్ల నుంచి మాత్రం
తలుపు తీసున్న ఇంట్లకెళ్లి గాలి పోయినట్టు పోతది.
దాన్ని నీటి కిటికీ అంటరని చదివిన రాత్రి
నేను పుస్తకం మూసి
చానాసేపు గోడను చూస్కుంట కూసున్న.

కణంల మేం పెట్టింది బంగారం.
నలుసు కాదు, నలుసుల లక్షో వంతు.
అంత చిన్నగైతే బంగారానికి పచ్చదనం పోయి
నీళ్లు దానిమ్మ రసం లెక్క ఎర్రబడతయి.
సీసాను నాయిన ఎండకు పట్టిండు.
"గురిగింజెత్తన్న ఉంటదా?"
ఉండదు.
"మరి తరుగెంత పోతది?"

అదే నాయినా, అదే నా పరిశోధన.

మా దుకాణం ముందటి మోరీ మన్ను
గంపకింత అని కొనుక్కపోయి కడిగేటోళ్లు గుర్తున్నరు.
వాళ్లకు తెలుసు:
బంగారం యాడికీ పోదు,
యాడ కూసున్నదో దేవులాడాలె.

కాని కణం బతికున్నది.
చూసే వెలుగే దాన్ని కాల్చుతది.
అందుకే కన్ను మూసి తెరిచేలోపు గడ్డకట్టించాలె,
మంచుపలుకు పుట్టేంత సందు కూడా ఇయ్యకుండ,
చేస్తున్న పని చేస్తున్నట్టే.
ఆ ఘడియల నా పెదవులు వాటంతటవే కదిలినయి.
ఊపిరి తీస్కో. ఆపు.
పొగలు కక్కే డబ్బాల పెట్టి రైలెక్కించిన.

బొమ్మొచ్చింది.
బంగారం నల్లగ పడ్డది.
కేంద్రకం చుట్టూ, గడప దాటకుండ,
పిలవని పెండ్లికొచ్చిన చుట్టాల లెక్క గుంపు.
ఒక్కటి మాత్రం, ఒక్కటంటే ఒక్కటి,
లోపల.

మంచికో చెడుకో తెల్వదు.
నోటుబుక్కుల అదే రాసిన: తెల్వదు.
మర్రిగూడల ఇంకా నిటారుగ నిలబడలేని నడుములకు
ఇది మందని చెప్పే నోరు నాకు లేదు.

పింఛను పని మీద అటే వచ్చిన చిచ్చా
మా ల్యాబు మెట్లెక్కిండు, రెయిలింగు పట్టుకొని.
తెర ముందట నిలబడి
పాత అలవాటున మెడ పక్కకు వంచి
చానాసేపు చూసిండు.
"ఎవరిదో గాని,
పేషెంటు కదల్లే" అన్నడు.

తర్వాత నీళ్లడిగిండు.
ఫిల్టరువే చిచ్చా, అన్న.
అయినా గ్లాసు ఎత్తి
ట్యూబులైటుకు పట్టి చూసిండు.